@ట్రాన్సాక్షనల్ రాశాం సరే, జీడిపప్పు లెక్క ఎందుకు తేలడం లేదు?

కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి స్టాకునీ, పార్టీల ఖాతాల్నీ ఒక ప్రోగ్రాంలో రాసుకుంటున్నాడనుకుందాం. విశాఖపట్నం పార్టీకి గుండు పప్పు, పది కిలోల డబ్బాలు 40 పంపాలి. గోడౌన్లో కుర్రాడు డిస్పాచ్ బటన్ నొక్కుతాడు. అప్పుడు లోపల మూడు పనులు జరగాలి. స్టాకులోంచి 40 డబ్బాలు తగ్గాలి, పార్టీ ఖాతాలో ఆ సొమ్ము బాకీగా ఎక్కాలి, బిల్లుకు ఒక నంబరు పడాలి. జరిగితే మూడూ జరగాలి, లేకపోతే ఒక్కటీ జరగకూడదు. స్టాకు తగ్గి బాకీ ఎక్కకపోతే సరుకు ఊరికే పోయినట్టే. బాకీ ఎక్కి స్టాకు తగ్గకపోతే నెలాఖరున గోడౌన్లో డబ్బాలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా లెక్క కుదరదు.

ఈ హామీ ఇచ్చేదే డేటాబేస్ ట్రాన్సాక్షన్. కొత్త సరుకేం కాదు. ఐబీఎంలో జిమ్ గ్రే లాంటివాళ్లు 1970ల్లోనే దీనికి పునాది వేశారు. 1983లో హార్డర్, రాయిటర్ అనే ఇద్దరు దాని నాలుగు లక్షణాల ఇంగ్లిష్ పేర్లలో మొదటి అక్షరాలు కలిపి ఏసిడ్ అని పేరు పెట్టారు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి. అందుకే మా శ్రీకాకుళం వైపు ట్రాన్సాక్షన్ గురించి ఎవరికి చెప్పినా ముందు వచ్చే ప్రశ్న "మధ్యలో కరెంటు పోతే ఏంటి?" అనే. నిజానికి అన్నిటికంటే సులువైన ప్రశ్న అదే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయినా, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డేటా దాచే ఇన్నోడీబీ అయినా, మార్పును ముందు లాగ్‌లో (మార్పుల చిట్టాలో) రాసుకుని, ఆ లాగ్ డిస్కు మీదికి చేరాకే కమిట్ అయిందని, అంటే మార్పు ఖాయమైందని చెబుతాయి. కరెంటు తిరిగొచ్చాక లాగ్ చూసుకుని, పూర్తయినవాటిని నిలబెడతాయి, సగంలో ఆగినవాటిని తీసేస్తాయి. సెట్టింగులు మార్చకుండా ఉంటే చాలు, మనం చేయాల్సిందేమీ లేదు.

లెక్క తేడా వచ్చేది కరెంటు ఉన్నప్పుడే. ట్రాన్సాక్షన్ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ముగియాలి, ఏ తప్పు జరిగితే వెనక్కి పోవాలి అనేవి డేటాబేస్‌కు తెలియవు. అవి చెప్పేది ఫ్రేమ్‌వర్క్, అంటే మన ప్రోగ్రాంను కట్టుకునే రెడీమేడ్ చట్రం. మనం ఫ్రేమ్‌వర్క్‌కు ఏమీ చెప్పకపోతే, అది తన సొంత అలవాట్ల ప్రకారం చెబుతుంది. ఆ అలవాట్లు ఎవరో ఎప్పుడో, వేరే వ్యాపారాల్ని చూసి పెట్టినవి. ఇక్కడ ఎక్కువగా జావా భాషలోని స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్ గురించే మాట్లాడతాను. ఉద్యోగాల్లో మనవాళ్లు ఎక్కువగా చూసేది అదే కాబట్టి.

ఏమీ రాయకపోయినా జరిగిపోయే నిర్ణయాలు

సర్వీస్ మెథడ్ (డిస్పాచ్ లాంటి ఒక పని చేసే కోడ్ ముక్క) మీద ఏమీ రాయకపోతే ట్రాన్సాక్షన్ అసలు ఉండదనుకుంటారు చాలామంది. ఉంటుంది, కాకపోతే ఒకటి కాదు మూడుంటాయి. టేబుల్లో రాసిపెట్టే స్ప్రింగ్ డేటా రిపాజిటరీలో ఒక్కొక్క సేవ్ తనకు తానే ఒక ట్రాన్సాక్షన్ తెరిచి మూసేస్తుంది. స్టాకు సేవ్ కమిట్ అయిపోయింది, ఖాతా సేవ్‌లో ఎర్రర్ వచ్చింది అంటే, స్టాకు తగ్గిపోయినట్టే. వెనక్కి తెచ్చే దారి లేదు.

సరే, డిస్పాచ్ మెథడ్ మీద @ట్రాన్సాక్షనల్ అని రాశాం. ఈ మెథడ్‌ను ట్రాన్సాక్షన్‌లో నడపమని స్ప్రింగ్‌కు చెప్పే గుర్తు అది, ఇలాంటి గుర్తును అనోటేషన్ అంటారు. మనం రాసింది ఒక్క మాటే, కానీ లోపల ఐదు నిర్ణయాలు జరిగిపోయాయి. ఇప్పటికే ట్రాన్సాక్షన్ ఉంటే అందులో చేరు, లేకపోతే కొత్తది తెరువు. ఐసోలేషన్ (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లకు ఒకదాని పని ఇంకోదానికి ఎంత కనిపించాలి అన్నది) డేటాబేస్ ఇష్టం. ఫ్రేమ్‌వర్క్ తరఫున టైమ్‌అవుట్ ఏమీ పెట్టకు. చదవడానికే కాదు, రాయడానికి కూడా. రన్‌టైమ్ ఎక్సెప్షన్, ఎర్రర్ అనే రెండు రకాల తప్పులకే రోల్‌బ్యాక్ చేయి (చేసిందంతా వెనక్కి తీసుకో), మిగతావాటికి వద్దు.

ఎక్కువ నష్టం చేసేది ఆ చివరిదే.

పార్టీకి బాకీ హద్దు ఉంటుంది. హద్దు దాటితే సరుకు వదలకూడదు. ఇది ప్రోగ్రాం తప్పు కాదు, వ్యాపార నియమం. కాబట్టి మన డెవలపర్ చదువుకున్నట్టుగానే జావాలో చెక్డ్ ఎక్సెప్షన్‌గా (పిలిచినవాడు తప్పక పట్టించుకోవాలని జావా పట్టుబట్టే రకం) 'బాకీ హద్దు దాటింది' అని ఒకటి తయారుచేస్తాడు. డిస్పాచ్ మెథడ్‌లో ముందు స్టాకు తగ్గుతుంది, తర్వాత ఖాతా సర్వీస్‌లో హద్దు చూస్తారు, హద్దు దాటింది, ఎక్సెప్షన్ పైకి వెళ్లింది. తెర మీద "బాకీ హద్దు దాటింది" అని ఎర్రగా కనిపిస్తుంది. కుర్రాడు డబ్బాలు కదపడు. కానీ స్ప్రింగ్ లెక్కలో అది చెక్డ్ ఎక్సెప్షన్, అంటే మెథడ్ ఇచ్చే జవాబుల్లో అదీ ఒకటి, ప్రమాదం కాదు. కాబట్టి కమిట్ చేసేస్తుంది. స్టాకులో 40 డబ్బాలు తగ్గాయి, బిల్లు లేదు, బాకీ లేదు, డబ్బాలు మాత్రం గోడౌన్లోనే ఉన్నాయి. ఎర్రర్ చూపించారు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఈ నియమం ఈజేబీ అనే పాత జావా ఫ్రేమ్‌వర్క్ రోజుల నుంచి వచ్చింది. అప్పటి వాదనలో బలం లేకపోలేదు: చెక్డ్ ఎక్సెప్షన్ అంటే పిలిచినవాడు చూసుకోగలిగేది, వాడు చూసుకుని పని కొనసాగించవచ్చు, ముందే చేసిన పనిని ఎందుకు కొట్టేయాలి? కాగితం మీద బాగానే ఉంది. నేను చూసిన బిల్లింగ్ ప్రోగ్రాముల్లో మాత్రం ఎక్సెప్షన్ మెథడ్ దాటి బయటికి వచ్చాక కూడా సగం పని నిలవాలని కోరుకునేవాళ్లు దాదాపు లేరు. కాబట్టి రోల్‌బ్యాక్‌ఫర్ అని రాసి ఎక్సెప్షన్ క్లాసు ఇవ్వండి. ప్రతి మెథడ్ దగ్గరా రాస్తూపోతే ఎక్కడో ఒకచోట మర్చిపోతారు. స్ప్రింగ్ 6.2 నుంచి ప్రాజెక్టు మొత్తానికి ఒకే చోట 'అన్ని ఎక్సెప్షన్లకూ రోల్‌బ్యాక్' అని పెట్టే వీలుంది. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే రోజే దాన్ని పెట్టేయాలని నా అభిప్రాయం.

దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటి. మెథడ్ లోపలే ట్రై, క్యాచ్ పెట్టి ఎక్సెప్షన్‌ను పట్టేసి, లాగ్‌లో ఒక లైను రాసి ఊరుకోవడం. ఎక్సెప్షన్ బయటికి రాకపోతే స్ప్రింగ్‌కు అది జరిగినట్టే తెలియదు. కమిట్ అయిపోతుంది.

మూడోది అయోమయంగా ఉంటుంది. డిస్పాచ్ మెథడ్ ఖాతా సర్వీస్‌ను పిలుస్తుంది, దాని మీదా @ట్రాన్సాక్షనల్ ఉంది. అది రన్‌టైమ్ ఎక్సెప్షన్ విసిరింది. డిస్పాచ్ దాన్ని పట్టుకుని, "ఫర్వాలేదు, తర్వాత చూద్దాం" అని ముందుకెళ్లింది. మెథడ్ చివరి లైను దాకా అంతా బాగానే నడిచింది. తీరా కమిట్ సమయానికి అన్‌ఎక్స్‌పెక్టెడ్ రోల్‌బ్యాక్ ఎక్సెప్షన్ వచ్చి పడుతుంది. లాగ్ చూస్తే, రోల్‌బ్యాక్ ఓన్లీ అని గుర్తు పడింది కాబట్టి ట్రాన్సాక్షన్‌ను చప్పుడు కాకుండా వెనక్కి తీసుకున్నాం అన్న అర్థంలో ఒక వాక్యం. దీన్ని చాలామంది ఫ్రేమ్‌వర్క్ బగ్ అని తిట్టుకుంటారు. కాదు. లోపలి మెథడ్ వేరే ట్రాన్సాక్షన్ తెరవలేదు, బయటిదాంట్లోనే చేరింది. చేరినవాడు "ఇది చెల్లదు" అని గుర్తు పెట్టి వెళ్లాక, బయటివాడు క్షమించినా ఆ గుర్తు చెరగదు.

చేరడమా, వేరుపడడమా

ఇక్కడికి వచ్చేసరికి చాలామంది చేసే పని, లోపలి మెథడ్‌కు రిక్వైర్స్ న్యూ అని రాయడం. అంటే బయటి ట్రాన్సాక్షన్‌ను పక్కన ఆపి, లోపల వేరేది తెరిచి, దాని మంచిచెడ్డలు దాన్నే చూసుకోమనడం. ఎర్రర్ పోతుంది. కానీ ఖాతాలో బాకీ ఒక ట్రాన్సాక్షన్‌లో, స్టాకు ఇంకో ట్రాన్సాక్షన్‌లో పడ్డాయి. మొదట ఏ హామీ కోసం బయల్దేరామో అది పోయింది.

రిక్వైర్స్ న్యూ నిజంగా అవసరమయ్యే చోటు ఒకటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ పార్టీకి సరుకు పంపబోయారు అనే రిజిస్టరు. డిస్పాచ్ విఫలమైనా ఈ నమోదు మాత్రం నిలవాలి. అలాంటి దానికి వేరే ట్రాన్సాక్షన్ న్యాయమే. కాకపోతే దాని ఖర్చు తెలుసుకుని వాడాలి.

వేరే ట్రాన్సాక్షన్ అంటే వేరే డేటాబేస్ కనెక్షన్. బయటిది తన కనెక్షన్‌ను పట్టుకునే ఉంటుంది, లోపలిది రెండోది అడుగుతుంది. స్ప్రింగ్ బూట్‌తో మామూలుగా వచ్చే హికారీ పూల్‌లో (కనెక్షన్లను సిద్ధంగా ఉంచే నిల్వలో) విడిగా ఏమీ చెప్పకపోతే ఉండేవి 10 కనెక్షన్లు. జీడిపిక్కల సీజన్లో ఒకేసారి పది మంది బటన్ నొక్కారనుకోండి. పది రిక్వెస్టులూ తలా ఒక కనెక్షన్ తీసుకున్నాయి, తలా రెండోది అడుగుతున్నాయి, పూల్ ఖాళీ. ఎవరూ తన చేతిలోది వదలరు, ఎవరికీ రెండోది దొరకదు. 30 సెకన్లు అలా బిగుసుకుపోయి ఒక్కొక్కటే ఎర్రర్‌తో రాలిపోతాయి. డేటాబేస్ సర్వర్ మీద చూస్తే లోడే ఉండదు. అందరికీ టెన్షన్, సర్వర్ మాత్రం ఖాళీగా కూర్చుని ఉంటుంది.

దీనికంటే దొంగది ఇంకొకటి. బయటి ట్రాన్సాక్షన్ టేబుల్లో పార్టీ వరుసను (రోను) మార్చింది, ఆ వరుస మీద లాక్ పడింది. లోపలి కొత్త ట్రాన్సాక్షన్ అదే వరుసను మార్చబోయింది. లాక్ కోసం ఆగుతుంది. లాక్ వదలాల్సిన బయటిదేమో లోపలిది ముగిసేదాకా ఆగి ఉంది. ఒకే రిక్వెస్టు తన కోసం తానే ఎదురుచూస్తోంది. మామూలు డెడ్‌లాక్ (రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని లాక్ కోసం ఇంకొకటి ఆగిపోవడం) అయితే డేటాబేస్ పసిగట్టి ఒకదాన్ని రద్దు చేస్తుంది. ఇది దానికి కనిపించదు, ఎందుకంటే బయటిది ఆగి ఉన్నది జావా కోడ్‌లో, డేటాబేస్‌లో కాదు. మైఎస్‌క్యూఎల్‌లో 50 సెకన్ల తర్వాత లాక్ టైమ్‌అవుట్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో లాక్ టైమ్‌అవుట్ పెట్టుకోకపోతే ఎంతసేపైనా అలాగే ఉంటుంది.

ఇలా చేరాలా, వేరుపడాలా అని చెప్పే ప్రొపగేషన్ విలువలు మొత్తం ఏడు. మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒక్క మాండేటరీ మాత్రం ఎక్కువమంది పట్టించుకోని మంచి పనిముట్టు. ఖాతాలో బాకీ ఎక్కించే మెథడ్‌ను ఎవరూ విడిగా పిలవకూడదు, డిస్పాచ్‌లాంటి పెద్ద పనిలో భాగంగానే పిలవాలి అనుకుంటే దాని మీద మాండేటరీ పెట్టండి. ట్రాన్సాక్షన్ లేకుండా పిలిస్తే అక్కడికక్కడే ఎర్రర్.

ఫ్రేమ్‌వర్క్ మారితే ఈ అలవాట్లన్నీ మారిపోతాయి, అది ఇంకో తలనొప్పి. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో అటామిక్ (అక్కడ ట్రాన్సాక్షన్ తెరిచే మాట) లోపల అటామిక్ రాస్తే లోపలిది సేవ్‌పాయింట్ అవుతుంది, అంటే ట్రాన్సాక్షన్ మధ్యలో అక్కడిదాకా వెనక్కి రాగల గుర్తు. లోపల ఎర్రర్ వచ్చి, బయట దాన్ని పట్టుకుంటే, లోపలి పని ఒక్కటే వెనక్కి పోయి బయటిది నిక్షేపంగా కమిట్ అవుతుంది. స్ప్రింగ్‌లో పైన చూసిన కథకు ఇది సరిగ్గా వ్యతిరేకం. రూబీ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో లోపలి ట్రాన్సాక్షన్ బయటిదాంట్లో కలిసిపోతుంది, లోపల యాక్టివ్ రికార్డ్ రోల్‌బ్యాక్ అని విసిరితే ఆ లోపలి బ్లాకే దాన్ని మింగేస్తుంది, ఏదీ వెనక్కి పోదు. కోడ్ చూడడానికి మూడింట్లోనూ ఒకేలా ఉంటుంది.

అనోటేషన్ ఉన్నా పనిచేయని చోటు

ఇంటర్వ్యూల్లో దీన్ని తప్పక అడుగుతారు, అయినా కోడ్‌లో దొర్లుతూనే ఉంటుంది. స్ప్రింగ్ మన క్లాసు ముందు ఒక ప్రాక్సీని నిలబెడుతుంది. అది గుమ్మం దగ్గర కూర్చున్న గుమస్తా లాంటిది: బయటినుంచి ఎవరొచ్చినా తనే ట్రాన్సాక్షన్ తెరిచి లోపలికి పంపుతాడు, తిరిగి వెళ్లేటప్పుడు మూస్తాడు. లోపలి గదిలోంచి పక్క గదిలోకి వెళ్తే గుమస్తాకు కనిపించదు. అదే క్లాసులో ఒక మెథడ్ ఇంకో మెథడ్‌ను పిలిస్తే, పిలిచినదాని మీద ఏం రాసి ఉన్నా స్ప్రింగ్ చూడదు. 'రోజు డిస్పాచ్‌లన్నీ పంపు' అనే మెథడ్ మీద ఏమీ రాయకుండా, అది లూప్‌లో పిలిచే 'ఒక డిస్పాచ్ పంపు' మీద @ట్రాన్సాక్షనల్ రాస్తే, ఆ మూడు పనుల్నీ కలిపే ట్రాన్సాక్షన్ లేదు. అంతే.

ఆ మెథడ్‌ను వేరే క్లాసులోకి మార్చడం ఒక దారి. ట్రాన్సాక్షన్ టెంప్లేట్ వాడి, హద్దు ఎక్కడుందో కోడ్‌లోనే కనిపించేలా రాయడం ఇంకో దారి. లూప్‌ల విషయంలో నాకు రెండోదే నచ్చుతుంది. చదివేవాడికి ఊహించుకునే పని ఉండదు. అనుమానం వస్తే ట్రాన్సాక్షన్ ఇంటర్‌సెప్టర్ లాగ్‌ను ట్రేస్ స్థాయికి పెట్టి చూడండి, ఏ మెథడ్‌కు ట్రాన్సాక్షన్ తెరుచుకుందో పేరుతో సహా రాస్తుంది. ఇంకో మాట: ట్రాన్సాక్షన్ అది మొదలైన థ్రెడ్‌కే (ప్రోగ్రాంలో ఒక పనిధారకే) కట్టుబడి ఉంటుంది. మధ్యలో పనిని ఎసింక్ మెథడ్‌కో, ప్యారలల్ స్ట్రీమ్‌కో అప్పగిస్తే అక్కడ జరిగేది దీనిలో భాగం కాదు.

45 డబ్బాలు, ఇద్దరు మనుషులు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సరిగా పెట్టాం. గోడౌన్లో 45 డబ్బాలున్నాయి. కాశీబుగ్గలో కుర్రాడు 40 డబ్బాలకు, అదే క్షణంలో శ్రీకాకుళం ఆఫీసులో ఇంకొకరు 20 డబ్బాలకు బటన్ నొక్కారు. రెండు ట్రాన్సాక్షన్లూ స్టాకు చదివాయి, రెంటికీ 45 కనిపించింది. ఒకటి 5 అని రాసింది, రెండోది 25 అని రాసింది. రెండూ కమిట్ అయ్యాయి. 60 డబ్బాలు అమ్మేశాం, కంప్యూటర్‌లో ఇంకా 25 ఉన్నాయి.

దీన్ని ఆపాల్సింది ఐసోలేషన్. నాలుగు స్థాయిల పేర్లు ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో 1992 నుంచీ ఉన్నాయి. కానీ డిఫాల్ట్ అని వదిలేస్తే పోస్ట్‌గ్రెస్‌లో రీడ్ కమిటెడ్ (కమిట్ అయినవే కనిపించే స్థాయి) వస్తుంది, మైఎస్‌క్యూఎల్‌లో రిపీటబుల్ రీడ్ (ఒకసారి చదివింది మళ్లీ చదివినా అలాగే కనిపించే స్థాయి) వస్తుంది. రిపీటబుల్ రీడ్ పై స్థాయి కదా, మైఎస్‌క్యూఎల్‌లో ఈ గొడవ రాదనుకుంటే పొరపాటే. అక్కడ కూడా పైన చెప్పినట్టే రెండోవాడి 25 మొదటివాడి 5 మీద పడుతుంది, చప్పుడు ఉండదు. అదే రిపీటబుల్ రీడ్‌ను పోస్ట్‌గ్రెస్‌లో పెడితే రెండోవాడికి ఎర్రర్ వస్తుంది, మళ్లీ మొదటినుంచి ప్రయత్నించమంటుంది. పేరు ఒకటే, ప్రవర్తన వేరు.

స్థాయి పెంచితే ఆ 'మళ్లీ ప్రయత్నించడం' మన నెత్తిన పడుతుంది. ప్రయత్నం ట్రాన్సాక్షన్‌కు బయటినుంచి జరగాలి, లోపలినుంచి కాదు. విఫలమైన ట్రాన్సాక్షన్‌లో మళ్లీ చదివితే పోస్ట్‌గ్రెస్ ఏ ఆదేశమూ తీసుకోదు. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్‌లో డెడ్‌లాక్ వస్తే ఎన్నిసార్లు ప్రయత్నించాలో ట్రాన్సాక్షన్ ఫంక్షన్‌కే రెండో ఆర్గ్యుమెంట్‌గా చెప్పవచ్చు. స్ప్రింగ్‌లో రీట్రై పొర ట్రాన్సాక్షన్ పొరకు బయట ఉందో లేదో మనమే చూసుకోవాలి. పైగా, ఐసోలేషన్‌ను లోపలి మెథడ్ మీద రాస్తే, అది బయటిదాంట్లో చేరుతోంది కాబట్టి స్ప్రింగ్ ఆ మాటను మామూలుగా పట్టించుకోదు. హెచ్చరిక కూడా ఇవ్వదు. టైమ్‌అవుట్‌కూ, రీడ్‌ఓన్లీకీ ఇదే గతి.

డబ్బాల లాంటి లెక్కకు నేనైతే ఐసోలేషన్ జోలికే వెళ్లను. చదివి, తీసివేసి, రాయడం మానేసి, ఒకే అప్‌డేట్‌లో 'స్టాకు 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటేనే 40 తగ్గించు' అని రాస్తే చాలు. ఎన్ని వరుసలు మారాయో చూడాలి. సున్నా అయితే సరుకు లేనట్టు. రీడ్ కమిటెడ్‌లో కూడా ఇది నిక్కచ్చిగా పనిచేస్తుంది. పార్టీ వివరాలు దిద్దే స్క్రీన్ లాంటి చోట, ఒకరు చూస్తుండగా ఇంకొకరు మార్చే ప్రమాదం ఉంటే, వెర్షన్ కాలమ్ (ప్రతి మార్పుకూ మారే అంకె; చూసినప్పటి అంకె ఇప్పుడు మారి ఉంటే రాయనివ్వరు) మేలు.

వెనక్కి రానివి

పార్టీకి "మీ 40 డబ్బాలు బయల్దేరాయి" అని ఎస్ఎంఎస్ వెళ్లాలి. దాన్ని డిస్పాచ్ మెథడ్ మధ్యలో పెడితే, తర్వాత రోల్‌బ్యాక్ అయినా ఎస్ఎంఎస్ వెనక్కి రాదు. ఇంకో నష్టం: ఎస్ఎంఎస్ కంపెనీ సర్వర్ నెమ్మదించి పది సెకన్లు తీసుకుంటే, ఆ పది సెకన్లూ మన కనెక్షన్, స్టాకు వరుస మీద లాక్ పట్టుకునే ఉంటాయి. ఒకరి నెట్‌వర్క్ బాగోక మన గోడౌన్ మొత్తం ఆగిపోతుంది. కాబట్టి కమిట్ అయ్యాకే పంపాలి. స్ప్రింగ్‌లో ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్, జాంగోలో ఆన్ కమిట్ ఉన్నవి ఇందుకే. కమిట్‌కూ ఎస్ఎంఎస్‌కూ మధ్య ప్రోగ్రాం చచ్చిపోతే సందేశం పోతుంది. అది పోకూడదంటే, పంపాల్సిన సందేశాన్ని కూడా అదే ట్రాన్సాక్షన్‌లో ఒక టేబుల్‌లో రాసి, వేరే పని దాన్ని చదివి పంపాలి. ఎస్ఎంఎస్ ఒకటి పోయినా కొంప మునగదు, చెల్లింపులకైతే ఈ టేబుల్ పెట్టక తప్పదు.

డేటాబేస్ లోపలే ఉండి కూడా వెనక్కి రానిది బిల్లు నంబరు. వరుసగా నంబర్లిచ్చే పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ నుంచి గానీ, మైఎస్‌క్యూఎల్ ఆటో ఇంక్రిమెంట్ నుంచి గానీ నంబరు తీసుకుని రోల్‌బ్యాక్ అయితే, ఆ నంబరు పోయినట్టే. 1042 తర్వాత 1044 వస్తుంది. వేగం కోసం అలా కావాలనే చేశారు. జీఎస్టీ 46వ నియమం ప్రకారం ఇన్‌వాయిస్‌కు వరుస నంబరు ఉండాలి, 16 అక్షరాలకు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. ఆడిటర్ వచ్చి "1043 బిల్లు ఏదండీ?" అని అడిగితే, రోల్‌బ్యాక్ అయిందని ఆయనకు చెప్పి ఒప్పించడం కష్టం. అందుకని ప్రైమరీ కీకి (టేబుల్లో ఒక్కో వరుసను గుర్తించే లోపలి నంబరుకు) సీక్వెన్స్ ఉండనిచ్చి, బిల్లు నంబరుకు మాత్రం విడిగా ఒక టేబుల్, ఆర్థిక సంవత్సరానికి ఒక వరుస పెట్టుకుని, డిస్పాచ్ ట్రాన్సాక్షన్‌లోనే దాన్ని ఒకటి పెంచాలి. రోల్‌బ్యాక్ అయితే నంబరూ వెనక్కి వస్తుంది. కాకపోతే ఆ వరుస మీద లాక్ కమిట్ దాకా ఉంటుంది, అందరూ దాని దగ్గర క్యూలో నిలబడాల్సిందే. కాబట్టి బాకీ హద్దు చూడడం, స్టాకు తగ్గించడం అన్నీ అయ్యాక, మెథడ్ చిట్టచివర్లో నంబరు తీసుకోండి. ఆ మెథడ్‌కు మాండేటరీ పెట్టండి, పొరపాటున కూడా రిక్వైర్స్ న్యూ పెట్టకండి.